ఇంజను మూత కింద బంతిరేకులు

ఈ ఉదయం మా ఇంటి ముందు ఒక లారీ ఆగిపోయింది. బత్తలపల్లె వైపు నుంచి చీనీకాయలు వేసుకుని వస్తున్న బండి. నేను వసారాలో పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తున్నాను. మా ఆయన పోయినప్పటి నుంచి నా పొద్దు ఆ వసారాలోనే గడుస్తోంది. బండి కనిపించకముందే వాసన వచ్చింది. కాగిన ఇనుము మీద నూనె చుక్క పడి మాడితే వచ్చే వాసన. కొందరికి అది కడుపులో తిప్పుతుంది. నాకు ఆకలి వేస్తుంది. ఆ వాసన గుమ్మంలోకి వచ్చిందంటే నాయన వచ్చాడని, నాయన వచ్చాడంటే సంచిలో బొరుగులో బెల్లమో ఉంటాయని నా చిన్నప్పటి లెక్క.

డ్రైవరు దిగి చూసి ఫోను చేశాడు. కాసేపటికి స్కూటరు మీద ఒక కుర్ర మెకానిక్కు కొత్త మూత ఒకటి తెచ్చాడు. ట్యాపెట్ మూత అంటారు దాన్ని. ఇంజను నెత్తిన టోపీలాగా కూర్చుంటుంది. లోపలి నూనె బయటికి చిమ్మకూడదు, బయటి దుమ్ము లోపలికి పోకూడదు. దాని పని అంతే. నేను పని మానేసి వాళ్లనే చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ మనుషుల పేర్లు రాయను. తేదీ కూడా రాయను. తెలియక కాదు. ఏ సంవత్సరమో, ఏ వారమో, ఏ పూటో నాకు తెలుసు. పాలవాడు రాని రోజు మొదలుకొని పిల్లల పురుళ్ల దాకా తేదీలు గుర్తు పెట్టుకునే మనిషిని. రాస్తే ఇది ఎవరింటి సంగతో బయటపడుతుంది. ఆ ఇంట్లో ఇంకా పెళ్లి కావలసిన పిల్లలున్నారు. అయితే పోయిన వారం మా తమ్ముడు మనవళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని, మా అత్త దిష్టి తగిలి మా లారీ పోయిందని కథ చెప్పాడు. బాగా చదువుకుని ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. లారీ పోయినప్పుడు వాడు ఉయ్యాలలో ఉన్నాడు. నేను ఇంజను పక్కన నిలబడి ఉన్నాను. అందుకని రాస్తున్నాను.

మాకు భూమి ఉండేది, నీళ్లు ఉండేవి కావు. మా సీమలో ఇది ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి కాదు. వానలు వరుసగా ఎగ్గొట్టిన తరువాత నాయన ఎద్దులను అమ్మి ఒక పాత లారీ తెచ్చాడు. ముక్కు ముందుకు పొడుచుకు వచ్చిన రకం. ఇప్పుడవి లేవు. దానికి టైర్లు అరిగిపోయి ఉన్నాయి. కొత్త టైర్లకు అత్త చేతి బంగారు గాజులు పోయాయి. అత్త అంటే నాయన చెల్లెలు. పెళ్లయి కొత్తచెరువు పోయింది, మొగుడు జ్వరంతో పోతే చిన్న వయసులోనే మా ఇంటికి తిరిగి వచ్చింది. "నేను ఏసుకునేది లేదు, పెట్టెలో పెట్టుకుని పూజ చేసేది లేదు. బండికి కాళ్లన్నా వస్తాయి, తీసుకో అన్నా" అని తానే తీసి ఇచ్చింది.

పంట పండిన ఏడు నాయన ఉరవకొండ వైపు నుంచి శనక్కాయ మూటలు మిల్లులకు తోలేవాడు. పండని ఏడు పశువులకు గడ్డి, మనుషులకు నీళ్ల డ్రమ్ములు. ఆ మిల్లుల చప్పుడు, వాటి చుట్టూ కొండల్లా పొట్టు, పొట్టులో దొర్లాడే పిల్లలు, ఏవీ ఇప్పుడు లేవు. మిల్లుల్లో చాలావరకు కల్యాణ మండపాలయ్యాయి.

మూటలతో బండి ఇంటి ముందు ఆగితే నాకూ అత్తకూ పండగే. మూట కుట్టు దగ్గర వేపపుల్లతో పొడిస్తే కాయలు ఒకటొకటిగా జారేవి. నా పరికిణీ నిండాక అత్త పొయ్యిలో వేడి బూడిద మీద కప్పి వేయించేది. ఆ వాసన దాచడం ఎవరి తరమూ కాదు.

"మూటల్లో ఎలకలు పడినాయి అన్నా," అని అత్తే ముందుగా చెప్పేది.

"రెండు కాళ్లవా, నాలుగు కాళ్లవా?" అనేవాడు నాయన.

"ఒగటి రెండు కాళ్లది. ఇంగొగటి ఇంకా సరిగ్గా నడవను గూడా రాదు," అని నా నెత్తి మీద తట్టేది.

అందరూ నవ్వేవాళ్లు. అవ్వ తప్ప. అవ్వ అంటే నాయన తల్లి, అత్తకు కూడా తల్లే. ఈ మాట రాయకపోతే చదివేవాళ్లు అత్తకు ఆమె ఏ సవతి తల్లో అనుకుంటారు.

బండి బయలుదేరేటప్పుడు అత్త ఎదురుగా ఉండకూడదు. అది అవ్వ పెట్టిన కట్టు. నాయన క్యాబిన్ ఎక్కి తాళం తిప్పాక, బండి కదిలే ముందు అవ్వ వాకిట్లో నిలబడి "పోయిందా అది ఎనక్కి?" అని అడిగేది. అప్పటికే అత్త కొట్టం వెనక్కి పోయి ఉండేది. అడిగేదాకా ఎప్పుడూ తెచ్చుకోలేదు. స్టార్టరు గుర్రుమంటే చాలు, చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలి లేచిపోయేది. నేనూ ఆమె వెంట పరుగెత్తి గోడకు ఆనుకుని నోరు మూసుకుని నిలబడేదాన్ని. దాగుడుమూత ఆట అనుకునేదాన్ని. తన గాజుల మీద దొర్లుతూ పోయే బండిని ఆమె ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడి సాగనంపలేదు.

ఆ ఏడు శనక్కాయ బాగా పండింది. దసరా దగ్గర పడుతుండగా బండి ట్యాపెట్ మూత కారడం మొదలుపెట్టింది. మూతకూ ఇంజనుకూ మధ్య బెండుతో చేసిన ప్యాకింగు ఉంటుంది. అది ఎండి పెళుసైంది. కారుతోంది కదా అని క్లీనరు బలమంతా పెట్టి బోల్టులు బిగించాడు. బిగించేకొద్దీ రేకు వంకర పోయి మరింత కారింది. నాయన చొక్కాల వాసనకు అమ్మ సబ్బులు అరిగిపోయేవి. ఇక లాభం లేదని నాయన ధర్మవరం నుంచి మేస్త్రిని పిలిపించాడు. ఆయన సాయిబు. ఆయనా నాయనా ఒకరినొకరు మామా అని పిలుచుకునేవాళ్లు.

ఆయన వచ్చింది ఆయుధ పూజకు ముందు రోజు. పూజనాడు మా ఇంట్లో కత్తిపీట కూడా కదిలించరు, కాబట్టి ఆ రోజే పని అయిపోవాలి. పండగ మరునాడు తెల్లవారితే శనక్కాయ లోడుకు పోవాలి. ఆ లోడు తప్పితే ఆ వ్యాపారి ఆ సీజనంతా ఇంకో లారీని పెట్టుకుంటాడు.

మేస్త్రి వంగిపోయిన మూతను తీసి పక్కన పెట్టి, నన్ను బంపరు మీద నిలబెట్టి లోపల చూపించాడు. నూనెలో తడిసిన ఇనుప ముక్కలు వరుసగా, తలలు వంచుకుని ఉన్నాయి.

"బండి నడిచేటప్పుడు ఒగొగటి తల ఊపుతాంటాది పాపా. కోళ్లు గింజలు ఏరినట్ల," అన్నాడు. నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే ఆ తరువాత మా కోళ్లు గింజలు తింటుంటే నోటితో ఇంజను చప్పుడు చేసేదాన్ని.

కొత్త మూతతో పాటు తెచ్చిన బెండు ప్యాకింగు ఎండకు కురచైపోయింది. దాన్ని నీళ్ల పళ్లెంలో నానేశాడు. అది సాగేలోపల అన్నం తినమని నాయన పిలిచాడు. అమ్మ సంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. మేస్త్రి ఇంజను మీద శుభ్రమైన గుడ్డ కప్పి అత్తను పిలిచాడు.

"అక్కా, నువ్వు ఈడనే కూచో. కోళ్లు గానీ పిల్లోళ్లు గానీ ఈ గుడ్డ ముట్టకుండా చూడు. లోపల చిన్న రవ్వ పడినా బండి పోతాది."

లోపల ఓళిగలకు బెల్లం కాగుతోంది, పప్పు రుబ్బుతున్నారు. పండగ పిండి అత్త ముట్టకూడదు. ఆ రోజు ఆ ఇంట్లో పని లేని చేతులు ఆమెవే. వచ్చి లారీ పక్కన నేల మీద కూర్చుంది.

అప్పుడు అవ్వ వచ్చింది. ఆమె చేతిలో ముక్కాలి పీట, నా చేతిలో పూజ పళ్లెం. పళ్లెంలో పసుపు, కుంకుమ, అక్షింతలు, బంతిపూలు.

"జరుగు," అంది అవ్వ.

"ఏంటికి మా?"

"రేపటికి మూత ఏసింటారు, లోపల పువ్వులు ఎట్ల పెట్టేది? తెరిచి ఉన్నప్పుడే పెట్టల్ల."

"వద్దు మా. మేస్త్రి గుడ్డ తియ్యొద్దన్నాడు."

"వాడెవుడే చెప్పేకి? నా కొడుకు బండి. పూజ కాడ నిలబడకూడదని నీకు ఎన్ని తూర్లు చెప్పల్ల? పో పక్కకి."

నేను ఇక్కడ ఒక మాట కచ్చితంగా రాయాలి, ఎందుకంటే మా తమ్ముడి కథలో ఇది లేదు. అత్త పూజ పళ్లాన్ని ముట్టుకోకూడదు. పూజకు పోయే అవ్వను కూడా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అవ్వ మళ్లీ తలంటుకోవాలి, పళ్లెం మళ్లీ సర్దాలి, ఆ పాపం అత్త మీద పడుతుంది. ముట్టుకోకుండా ఆపే దారి లేదు. అత్త రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అడుగులు వెనక్కి వేస్తూ, ఇంటి వైపు తిరిగి అరిచింది: "అన్నా! బిరీన రా అన్నా!"

అవ్వ పీట ఎక్కి గుడ్డ తొలగించింది. కుంకుమ చల్లింది. అక్షింతలు చల్లింది. బంతిపూలను తుంచి, రేకులు గుప్పిళ్లతో పోసింది. ఆ ఇనుప కోళ్ల పక్కన కడ్డీలు దిగే బొక్కలుంటాయి. పచ్చటి రేకులు నూనెలో జారి ఆ బొక్కల్లోకి పోవడం నేను చూశాను. బియ్యపు గింజలు పోవడం చూశాను. "మొక్కు" అంది అవ్వ. మొక్కాను.

నాయనా మేస్త్రీ ఎంగిలి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు. మేస్త్రి నెత్తి కొట్టుకుని, గుడ్డతో పైన కనిపించినదంతా తుడిచాడు.

"లోపలికేమన్నా పడిందా అమ్మా?"

"ఏం పడలే. పైపైన చల్లినా."

"పడింది," అంది అత్త, దూరం నుంచే. "కడ్డీల పక్కన బొక్కల్లోకి రేకులు పోయినాయి. నేను చూసినా అన్నా."

"అట్లయితే అవి కిందికి పోయింటాయి మామా," అన్నాడు మేస్త్రి. "కింద నూనె ఉండే చాంబరు దించి కడగల్ల. నేను మళ్లా పండగ అయినాక వచ్చి దించుతా. లోడు గీడు మానుకో."

నాయన వాళ్లమ్మ వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు.

"నేను అబద్ధం చెప్తానారా?" అంది అవ్వ. "దాని మాట నమ్ముతావా, కన్నతల్లి మాట నమ్ముతావా? ఇది తేలేదాకా నీ ఇంట్లో పచ్చి నీళ్లు ముట్టను."

"పడింది నాయనా, నేను గూడా చూసినా," అన్నాను. నెత్తి మీద మొట్టికాయ పడింది. పళ్లెం ఒరిగి మిగిలిన కుంకుమ నా పరికిణీ మీద ఒలికింది. ఆ మరక పోలేదు.

నాయన కాసేపు టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు. తరువాత "మూత ఏసెయ్ మామా" అన్నాడు.

"నేను చెప్పేది చెప్పినా," అన్నాడు మేస్త్రి.

ఆయన మూత వేసిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నానిన ప్యాకింగును తుడిచి, లక్క పూసి, అంచు వెంబడి వేలితో అద్ది కూర్చోబెట్టాడు. బోల్టులు ఒకదాని వెంట ఒకటి బిగించలేదు. నడుమ నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి, చేత్తో కొంచెం, పానాతో కొంచెం. క్లీనరును పిలిచి, "పిండకూడదురా, ఒత్తల్ల అంతే" అని చూపించాడు. బండి స్టార్టు చేశాడు. తెల్ల కాగితం పెట్టి అంచంతా తడిమి చూపించాడు. ఒక్క చుక్క కూడా అంటలేదు. అత్త కొట్టం వెనక ఉంది. నేను ఆ రోజు ఆమె వెంట పోలేదు, కాగితం చూడాలని నిలబడిపోయాను. వంకర పోయిన పాత మూతను అవ్వ ఊరికే పోనివ్వలేదు. తిరగేసి కోళ్లకు నీళ్ల తొట్టి చేసింది.

పండగ అయింది. గుమ్మడికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఓళిగల మీద నెయ్యి కారేలా పోశారు. అత్తకు కొట్టంలోకి నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఆమె సగం తిని సగం నాకే పెట్టింది.

పండగ మరునాటి లోడు బాగానే పోయింది. దాని తరువాతిది కూడా. ఆ తరువాత ముదిగుబ్బ దాటినాక ఒక ఎత్తులో ఇంజను పెద్ద చప్పుడు చేసి పట్టేసింది. నూనె అందుతోందో లేదో చూపించే ముల్లు మేము బండి కొన్ననాటి నుంచే పని చేసేది కాదు, కాబట్టి నాయనకు ముందుగా ఏమీ తెలియలేదు. మూటలు ఇంకో లారీకి మార్చి, మా బండిని తాడు కట్టి లాక్కొచ్చారు.

మేస్త్రి వచ్చి కిందికి దూరి చాంబరు దించాడు. నూనె పీల్చే గొట్టం మూతికి జల్లెడ ఉంటుంది. ఆ జల్లెడ నిండా బంతిరేకులు. నల్లగా, కాచి వడగట్టిన టీపొడిలాగా అతుక్కుని ఉన్నాయి. నడుమ బియ్యపు గింజలు. ఒక రేకు అంచు ఇంకా పచ్చగానే ఉంది. నూనె పైకి రాక బేరింగులన్నీ మాడిపోయాయి. మేస్త్రి ఆ ముద్దను గీకి నాయన అరచేతిలో పెట్టాడు.

చుట్టుపక్కల వాళ్లంతా మూగి ఉన్నారు. అందరూ చూశారు. ఇక అవ్వ ఏమంటుందా అని నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను. సిగ్గుపడుతుందని అనుకున్నాను. నాకప్పుడు అంతే తెలుసు.

"దేవుని పువ్వులు చెరుపు చేస్తాయా ఎవురికన్నా?" అంది అవ్వ. "ఇంజను నోరు తెరుచుకునున్నంత సేపు ఆ ముండమోపి ఎదురుగ్గా కూచునింది. దాని చూపు పడినాక దేవుడు మాత్రం ఏం చేస్తాడు?"

అవునన్నట్టు ఒకామె తల ఊపింది. తరువాత ఇంకొకామె. వరుసగా, ఆ ఇనుప ముక్కల్లాగానే.

"మామా, నీ చేతిలో ఉండేది ఏమి?" అని అడిగాడు మేస్త్రి.

"నీకు తెలీదులే మామా. ఇవి మా ఇంటి సంగతులు," అన్నాడు నాయన. చేతిలోది నేల మీద విదిలించాడు. ఒక కోడి వచ్చి పొడిచి చూసి వదిలేసి పోయింది. నాయన అత్త వైపు చూడకుండా, "కొన్నాళ్లు కొత్తచెరువులో ఉండుపో" అన్నాడు.

అత్త ఏడవలేదు. "నా గాజులు టైర్లలో ఉండాయి," అంది. "నా చూపు ఇంజన్లో ఉండాది. ఇంగ ఈడ నాకేముండాది అన్నా, నువ్వు చెప్పకున్నా పోతా."

కొత్తచెరువు వాళ్లకు ఆమె అక్కర లేదని అందరికీ తెలుసు. అక్కర లేకే కదా మొదట పంపించారు. అమ్మ జొన్నరొట్టెలూ ఊరిబిండీ మూట కట్టి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు అత్త చెయ్యి పట్టుకుంది. బస్సు దాకా నేనే పోయాను. అత్త కిటికీ పక్కన కూర్చుంది. డ్రైవరు ఎక్కి స్టార్టరు తిప్పగానే, ఆ చప్పుడుకు ఆమె అలవాటుగా సీట్లోంచి సగం లేచింది, ఎనక్కి పోవడానికి. లేచి, ఎక్కడున్నదో గుర్తొచ్చి, మళ్లీ కూర్చుని నా వైపు చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదే కడసారి.

అక్కడ ఆమెకు అరుగు మీద చోటిచ్చారు. శనక్కాయ మిల్లులో పుచ్చు గింజలు ఏరే పనికి పోయేదట. కొన్నేళ్లకు చనిపోయిందని కబురొస్తే నాయన పోయి వచ్చాడు. వచ్చి కాళ్లు కడుక్కుని కాఫీ అడిగాడు. లారీని ముక్కలుగా అమ్మారు. ఇంజను ఇనుప ధరకు పోయింది. టైర్లు మాత్రం ఇంకా గట్టిగా ఉన్నాయని కొన్నవాడు మెచ్చుకున్నాడు. ఆ తరువాత నాయన కళ్లు మసకబారేదాకా పరాయి లారీలు తోలాడు. మళ్లీ ఎప్పుడూ బంతిపూలు కొని ఇంటికి తేలేదు. ఆయన వైపు నుంచి అత్తకు దక్కింది అదొక్కటే. అవ్వ నిండా బతికింది. ఇంటికి ఎవరొచ్చినా లారీ కథ చెప్పేది. చెప్పేకొద్దీ అందులో పువ్వులు తగ్గుతూ వచ్చాయి, చూపు పెరుగుతూ వచ్చింది. చివరికి మా తమ్ముడికి అందేనాటికి పువ్వులు లేనే లేవు. బయటికి ఒక్క చుక్క కారలేదు. అంత బాగా మూత పడింది.

ఈ ఉదయం కుర్ర మెకానిక్కు రబ్బరు ప్యాకింగు వేసి, కాఫీ తాగేంత సేపట్లో పని ముగించాడు. నడుమ నుంచే బిగించాడు, చూశాను. డ్రైవరు సామాను సర్దుకుంటూ నన్ను పలకరించాడు.

"యెవుని దిష్టి తగిలిందో అవ్వా, నిన్నట్నుంచి ఒగటే కారడం."

"దిష్టి గాదప్పా. ప్యాకింగు ఎండింది."

"నీకు ఇంజన్ల సంగతి గూడా తెలుసే!" అని నవ్వి క్యాబిన్ ఎక్కాడు. తాళం మీద చెయ్యి పెట్టి ఆగాడు. నా బోడి నుదుటి వైపు చూసి, అటు తిరిగి, మళ్లీ చూశాడు. మర్యాద తెలిసిన పిల్లవాడే. గొంతు తగ్గించి అడిగాడు.

"అవ్వా, రవ్వంత సేపు లోపలికి పోతావా? బండి తీస్తాండా."

మెకానిక్కు స్కూటరు దగ్గర తల వంచుకుని పానాలు తుడుచుకుంటున్నాడు. డ్రైవరు ఎదురు చూస్తున్నాడు.

నేను చింతపండు పళ్లెం పక్కన పెట్టాను. లేచి, పీట తీసుకుని, వసారా మెట్టు దిగి, లారీ ముక్కుకు సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చున్నాను.

"ఇంగ తియ్యప్పా," అన్నాను.